రవ్వంత తూకం



మెదక్ కోట ఎక్కినవాళ్ళకు పైన ఒక పాత ఫిరంగి కనిపిస్తుంది. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం దాటుకుంటూ ఆయాసంతో పైకి చేరి, దాని మీద చెయ్యి ఆనించి ఫోటో దిగకుండా వచ్చేవాళ్ళు తక్కువ. ఆ కాలపు ఫిరంగిదారులు మందును త్రాసులో వేసి తూచేవాళ్ళు కాదు. పొడవాటి కర్రకు బిగించిన గరిటెతో నల్ల బారూదును తోడి గొట్టంలోకి తోసేవాళ్ళు. గరిటె నిండా అంటే గరిటె నిండానే. కాస్త ఎక్కువైనా, కాస్త తక్కువైనా బారూదు ఓర్చుకునేది. గుండు నాలుగు గజాలు అటో ఇటో పడేది, అంతే.

ఆ ఓర్పు 1884లో పోయింది. ఆ ఏడు ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త పొగలేని మందు కనిపెట్టాడు. అదే బరువు బారూదుకన్నా దాదాపు మూడు రెట్లు బలమైనది. రెండేళ్ళకల్లా ఫ్రెంచి సైన్యం చేతికి దానితో పేలే లెబెల్ రైఫిల్ వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మన దేశంలో నీలగిరి కొండల్లో, అరువంకాడులో, అలాంటి మందు తయారుచేసే కార్డైట్ ఫ్యాక్టరీ వెలిసింది. ఈ కొత్త మందుకు ఒక పెంకి గుణం ఉంది. తూటాలో మందు పదో వంతు పెరిగితే తుపాకి లోపలి ఒత్తిడి పదో వంతుతో ఆగదు, అంతకు మించి లేస్తుంది. గరిటె కొలతకు అక్కడితో కాలం చెల్లింది. తూచక తప్పని రోజు వచ్చింది.

ఈ పూట నేను మాట్లాడేది ఆ చిన్న తూకం గురించి. వాడిన తూటా తొడుగులో ఇంట్లోనే మళ్ళీ మందు నింపుకునేవాళ్ళు ఎలాంటి కాంటా ఎంచుకుంటారు, దాన్ని ఎక్కడ పెడతారు, ఎలా నమ్ముతారు అన్నది విషయం. మెదక్‌లో కూర్చుని ఇదెందుకు అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. అందుకే ముందు చట్టం సంగతి తేల్చి, తర్వాత కాంటా దగ్గరికి వద్దాం.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ఆ మాట సూటిగా చెబుతుంది. 2019లో చట్టాన్ని సవరించాక శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఇంట్లో తుపాకి లైసెన్సు ఉంది కదా, తూటాలు కూడా మనమే నింపుకుందాం అంటే కుదరదు. తుపాకి ఉంచుకునే లైసెన్సు వేరు, తూటా తయారీ లైసెన్సు వేరు. మెదక్ పేరు మోస్తున్న ఆయుధ కర్మాగారం ఒకటి ఎద్దుమైలారంలో ఉంది, 1984లో మొదలైంది, ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. అక్కడ తయారయ్యేవి సైనికులు ఎక్కి పోయే సారథ్ యుద్ధ వాహనాలు. లైసెన్సుదారులు కొనుక్కునే పన్నెండు బోరు తూటాలు పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీవి, శక్తిమాన్ పేరుతో దుకాణాలకు వస్తాయి.

అన్నట్టు, ఈ పన్నెండు బోరు అన్న మాటలోనే ఒక తూకం దాగి ఉంది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గోళీలుగా పోస్తే, ఒక్కో గోళీ సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. ఇరవై గోళీలు చేస్తే ఇరవై బోరు, గొట్టం సన్నబడుతుంది. గొట్టం వెడల్పును అంగుళాల్లో చెప్పకుండా బరువుతో చెప్పిన కాలం అది.

మన దగ్గర ఈ పని ఎప్పుడూ లేదా అంటే, ఉండేది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇండియాలో వేటాడిన షికారీల సామాన్లలో తూటాలు నింపుకునే పనిముట్ల పెట్టె మామూలు వస్తువు. అడవిలో నెలల తరబడి ఉండేవాళ్ళకు సీమ నుంచి వచ్చే తూటాల కోసం ఎదురుచూడటం కుదిరేది కాదు. మెదక్‌కు పదిహేను కిలోమీటర్ల దూరంలోని పోచారం అడవి నిజాం వేటకు వాడుకున్నదే. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడికి జింకల్ని, చెరువు మీది పక్షుల్ని చూడటానికి పోతాం.

క్రీడల్లో మాత్రం ఈ తూటాలు నింపే పని ఉండదా అని కొందరికి అనుమానం రావచ్చు. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల గాలి తుపాకితో. అందులో మందే ఉండదు. ఇంకో హైదరాబాదీ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకం గెలిచిన ఇరవై ఐదు మీటర్ల పిస్టల్‌లో వాడేది పాయింట్ టూ టూ తూటా. దాన్ని మళ్ళీ నింపడం అయ్యే పని కాదు, ఎందుకంటే నిప్పు పుట్టించే రసాయనం ఆ తొడుగు అంచు లోపలే పూసి ఉంటుంది, ఒకసారి పేలితే ఆ అంచు నొక్కుకుపోతుంది. అయినా గాలి తుపాకివాళ్ళు తూకం వదల్లేదు. అర గ్రాము పైచిలుకు బరువుండే సీసపు గుళ్ళను కొందరు ఒక్కొక్కటిగా తూచి, ఒకే బరువున్నవి ఒక డబ్బాలో వేసుకుంటారు. తూకం మీద ఆ పిచ్చి ఉన్నవాళ్ళకు నా నమస్కారం.

ఇంట్లో తూటాలు నింపుకోవడం నిజంగా బతికి ఉన్నది అమెరికాలో. టెక్సస్‌లోనో జార్జియాలోనో ఉన్న మన పిల్లలు కొందరు పక్కింటివాళ్ళ గ్యారేజీలో ఈ బల్ల చూసి, వీడియో తీసి ఇంటికి పంపుతుంటారు. వాళ్ళ అమ్మానాన్నలు వింటున్నారేమో, ఒక మాట చెవిన వేస్తాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్ వన్ బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప దారి లేదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళ సంగతి వేరు. కొడుకు ఏ కార్డు మీద ఉన్నాడో కనుక్కున్నాకే ఆ వీడియో చూసి మురిసిపోండి.

సరే, ఆ గ్యారేజీ బల్ల దగ్గరికి పోదాం.

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలాక ఇత్తడి తొడుగు ఒక్కటే మిగులుతుంది. ఇత్తడి ఖరీదైనది, మళ్ళీ పనికొస్తుంది. అందుకే కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త గుండు పెట్టి మళ్ళీ వాడతారు. డబ్బు మిగులుతుందని కొందరు, గురి బాగా కుదురుతుందని కొందరు. మొదటి కారణం చెప్పేవాళ్ళను నేను అంతగా నమ్మను, ఎందుకంటే పనిముట్ల ఖర్చు చూస్తే ఆ మిగులు కనపడటానికి ఏళ్ళు పడుతుంది. రెండో కారణం నిజం. ప్రతి తూటాలో మందు ఒకే బరువు ఉంటేనే ప్రతి గుండు ఒకే వేగంతో పోతుంది.

ఆ బరువు కొలిచేది గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో. 7000 గ్రెయిన్లు ఒక పౌను. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. ఇది మనకు పరాయి కొలత అనుకోవద్దు. 1833లో కుంపిణీ వాళ్ళు తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు, వెండి రూపాయి బరువు కూడా అంతే పెట్టారు. తులానికి పన్నెండు మాషాలు, మాషాకు ఎనిమిది రత్తీలు. రత్తీ అంటే మన గురిగింజ. లెక్క వేసి చూడండి, ఒక రత్తీ రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ. మందు తూచే కాంటా పదో వంతు గ్రెయిన్ దాకా చూపాలి. అంటే గురిగింజను పంతొమ్మిది ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. 

గ్రెయిన్‌కూ గ్రాముకూ తేడా మరిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒక గ్రాము అంటే దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాంటాల్లో ఒక్క మీట నొక్కితే కొలత మారిపోతుంది, తెర మీద కొలత పేరు అర అంగుళం కూడా ఉండదు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కాంటా కొనగానే అందులో తాము వాడే కొలతను ఖాయం చేసి, మళ్ళీ ఆ మీట జోలికి పోరు.

కాంటాలు రెండు జాతులు. ఒకటి తరాజు లాంటిది, ఒక కమ్మీ, ఒకవైపు పళ్ళెం, రెండో వైపు గాట్లలో జరిపే బరువులు. ఊగుతున్న కమ్మీ త్వరగా నిలబడాలని చివర ఒక రాగి రేకు పెట్టి, అది అయస్కాంతాల మధ్య ఆడేలా చేస్తారు. ఈ తరాజుకు కరెంటు అక్కరలేదు, వేడెక్కడం లేదు. ఇరుసు దగ్గర కత్తి అంచులా ఉండే భాగం మొద్దుబారకుండా, దుమ్ము చేరకుండా చూసుకుంటే తాత కొన్నది మనవడు వాడతాడు. చిక్కు ఒకటే, కమ్మీ కంటి మట్టానికి ఉండేలా నిలబడి చూడాలి. పైనుంచి చూస్తే ఒక లెక్క, కింద నుంచి చూస్తే ఒక లెక్క వస్తుంది.

రెండోది ఎలక్ట్రానిక్ కాంటా. లోపల లోహపు దిమ్మె ఒకటి ఉంటుంది, దాని మీద అతికించిన సన్నని తీగలు బరువుకు సాగుతాయి, సాగితే వాటి విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే తెర మీద అంకె అవుతుంది. త్వరగా చెబుతుంది, చదవడం సులువు. కానీ దానికి కోపాలు ఎక్కువ. స్విచ్ వేసిన వెంటనే చెప్పే మాట ఒకటి, అరగంట తర్వాత చెప్పే మాట ఒకటి. పైన ఫ్యాన్ తిరిగితే అంకెలు ఆడతాయి. పక్కన ఫోన్ మోగితే కొన్ని కాంటాలు ఉలిక్కిపడతాయి. బల్ల వాలుగా ఉంటే తప్పు చెబుతాయి. ఎండాకాలం పొడిగాలిలో ప్లాస్టిక్ పళ్ళేనికి స్థిర విద్యుత్తు పట్టి, మందు పలుకులు అంటుకుని రాలవు.

ఇంకో కోపం కొద్దిమందికే తెలుసు. చవక కాంటాలు తమను తామే సున్నాకు తెచ్చుకుంటూ ఉంటాయి, దుమ్ము పడ్డా, కాస్త వేడెక్కినా అంకె కదలకూడదని అలా తయారుచేస్తారు. పళ్ళెంలో మందును ఒక్కో పలుకు చొప్పున మెల్లగా జారవిడిస్తే ఆ కాంటా దాన్ని దుమ్మనుకుని మింగేస్తుంది. మందు పడుతూనే ఉంటుంది, అంకె మాత్రం కదలదు. తెలిసినవాళ్ళు పలుకులు వేశాక పళ్ళెం ఒకసారి ఎత్తి మళ్ళీ పెడతారు. అప్పుడు నిజం బయటపడుతుంది.

వీటిలో ఏది మంచిది అని నన్నడిగితే, నాకు కాంటా కన్నా దాని పక్కన ఉండే డబ్బా ముఖ్యం. ఆ డబ్బాలో పరీక్ష బాట్లు ఉంటాయి. ఐదు గ్రాములదో పది గ్రాములదో కాంటాతో పాటు వచ్చే ఒక్క బాటు చాలదు. మనం తూచబోయే బరువుకు దగ్గరగా ఉండే బాట్లు కావాలి. మూడు గ్రాముల మందు తూచేవాడు రెండొందల గ్రాముల బాటుతో కాంటాను పరీక్షించి ఏం లాభం? పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, ముగించాక ఒకసారి ఆ బాటు పెట్టి చూడాలి. మూడుసార్లూ ఒకే మాట చెప్పిన కాంటాను నమ్మొచ్చు, చవకదైనా సరే. మూడు మాటలు చెప్పే కాంటా తెర మీద ఎన్ని దశాంశాలు చూపినా, అవి వట్టి అలంకారం.

ఈ దశాంశాల మోజు ఇప్పుడు మన ఇళ్ళలోకీ వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు మిల్లీగ్రాము చూపే జేబు కాంటాలు దొరుకుతున్నాయి. ఏదైనా కాంటా అడుగున పట్టీ చూడండి. చిన్న అక్షరాల్లో 'డి' ఎంత, 'ఈ' ఎంత అని ఉంటుంది. డి అంటే తెర చూపే అతి చిన్న అంకె. 'ఈ' అంటే తనిఖీలో తూనికలు కొలతల శాఖ లెక్కలోకి తీసుకునే అంతరం. కొన్ని కాంటాల్లో 'డి' చిన్నది, 'ఈ' పెద్దది. జేబు కాంటాలు చాలా వాటిలో ఆ పట్టీయే ఉండదు, అది లేకపోవడమే మీకు చెప్పాల్సింది చెప్పేస్తుంది.

మెదక్ బజారులో బంగారం కొనేటప్పుడు ఇదంతా పనికొస్తుంది. దుకాణంలో కాంటా చుట్టూ అద్దాల పెట్టె ఉందా, దాని మీద నేరుగా ఫ్యాన్ గాలి పడుతోందా, సున్నా చూపించి మొదలుపెట్టారా, ఇవి మీరు చూడొచ్చు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించాలని నియమం. ఆ ముద్ర, ఆ పత్రం చూపించమని అడిగే హక్కు మీకు ఉంది. అడిగితే ముఖం మాడ్చుకునే షావుకార్లు ఉంటారు. అడగండి.

అమెరికా నుంచి బంధువులు ప్రేమగా తెచ్చే కాంటాల గురించి కూడా చెప్పాలి. తరాజు బరువుతో బరువును పోలుస్తుంది కాబట్టి ఏ ఊళ్ళోనైనా ఒకటే చెబుతుంది. ఎలక్ట్రానిక్ కాంటా మాత్రం భూమి లాగే బలాన్ని కొలుస్తుంది, ఆ బలం అన్నిచోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖకు దగ్గరవుతున్నకొద్దీ తగ్గుతుంది. అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలో సరిచేసిన కాంటాను తెచ్చి, ఇక్కడ మళ్ళీ సరిచేయకుండా వాడితే, పది గ్రాముల బంగారానికి ఇరవై మిల్లీగ్రాముల పైచిలుకు తక్కువ చూపుతుంది. అమ్మేవాడు నష్టపోతాడు, కొనేవాడు నవ్వుకుంటాడు. నమ్మకమైన బాటు ఒకటి పెట్టి ఇక్కడే సరిచేసుకుంటే ఆ గొడవ తీరుతుంది.

బాటు లేనివాళ్ళు అమెరికాలో నికెల్ నాణెం వాడతారు, కొత్తది సరిగ్గా ఐదు గ్రాములు ఉంటుంది. మన కొత్త ఇరవై రూపాయల నాణెం బరువు 8.54 గ్రాములు. చేతులు మారి అరిగిన నాణెంతో నిక్కచ్చి తూకం కుదరదు గానీ, కాంటా మరీ అడ్డదిడ్డంగా మాట్లాడుతుంటే దాన్ని పట్టుకోవడానికి సరిపోతుంది. రైతులకూ ఇలా సరిచూసుకున్న చిన్న కాంటా ఉపయోగమే. విత్తనశుద్ధికి కిలో విత్తనానికి రెండు మూడు గ్రాముల మందు కలపమని వ్యవసాయాధికారులు చెబుతారు. ఆ రెండు గ్రాములను చెంచాతో కొలిస్తే ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఒక్కో పొడి బరువు ఒక్కో తీరు.

మళ్ళీ ఆ గ్యారేజీకి. కాంటాను ఎక్కడ పెట్టాలో ఇప్పుడు మీరే చెప్పగలరు. గాలి తగలని మూల, కదలని బరువైన బల్ల, కింద సమతలం చూసే బుడగ గొట్టం. ఆ బల్ల మీద ఒకేసారి ఒక్క మందు డబ్బా తప్ప రెండోది ఉండకూడదు. చాలా మందులు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకదాని తూకంతో ఇంకోదాన్ని నింపితే తుపాకి పగలొచ్చు. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి పోతుంది, పేరు లేని సీసాలోకి కాదు. తూచి నింపిన తొడుగులన్నీ ఒక చెక్క దిమ్మెలో నిలబెట్టి, పైనుంచి టార్చి వేసి చూస్తారు. ఒకదానిలో రెండుసార్లు మందు పడి ఉంటే మట్టం పైకి కనిపిస్తుంది. మందు పడకుండా మిగిలిపోయింది మరీ ప్రమాదం, ప్రైమర్ ఒక్కటే పేలి గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, వెనకనుంచి ఇంకోటి కాలిస్తే గొట్టం చీలుతుంది. ఎంత మంచి కాంటా అయినా ఆ రెండు తప్పులను పట్టుకోలేదు. మనిషే చూడాలి.

సీసం సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. గుండులో సీసం ఉంది, ప్రైమర్ రాలిన మసిలోనూ ఉంది. ఆ బల్ల దగ్గర తినకూడదు, తాగకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. పిల్లలు ఆడుకునే గదిలో ఆ బల్ల ఉండకూడదు.

ఇక మన వైపు సంగతి. అమెరికాలో తుపాకి కాల్చే రేంజికి సరదాగా వెళ్ళివచ్చిన సంచీ మూలల్లో ఒక్క తూటా మిగిలిపోయి, శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికిపోయినవాళ్ళ వార్తలు మీరూ చదివే ఉంటారు. తెలియకుండా ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకోవచ్చు, కానీ ఈలోపు విమానం పోతుంది, పెళ్ళి ముహూర్తం పోతుంది, లాయరు ఖర్చు మాత్రం మిగులుతుంది. వచ్చేముందు ఆ సంచీని బోర్లించి దులపమని పిల్లలకు చెప్పండి. కీచైన్‌కు అందంగా ఉందని ఇత్తడి తొడుగు కూడా తేవద్దనండి.

మన పాత ఇళ్ళలో, పటేళ్ళ, పట్వారీల వాడలలో, తాతగారి పన్నెండు బోరు తుపాకి, తుప్పు పట్టిన తూటాల పెట్టె అటక మీద ఉండిపోయిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. లైసెన్సు తాతగారి పేరున ఉండేది, ఆయన పోయాక ఎవరూ పట్టించుకోలేదు. పాత తూటాను విప్పి లోపల ఏముందో చూడాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ పని చేయవద్దు. ఆయుధాల చట్టం ఇరవై ఒకటో సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా తుపాకీనీ తూటాలనూ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో గానీ అప్పగించాలి. పెట్టె దొరికిన రోజే స్టేషన్‌కు ఫోన్ చేసి, ఎలా తేవాలో వాళ్ళనే అడగండి. అప్పగించాక రసీదు తీసుకుని, పాత లైసెన్సు పుస్తకంతో పాటు జాగ్రత్తగా దాచుకోండి.